1973 తీర్పు ఒక్కటే కారణమా?
అమెరికాలో క్రైస్తవ జాతీయవాదం (దేశ చట్టాలు, పాలన క్రైస్తవ మతానుసారం ఉండాలనే ధోరణి) రాజకీయ శక్తిగా ఎదగడానికి గర్భస్రావ హక్కుపై 1973లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పే కారణమని ఒక వ్యాసకర్త చేసిన వాదన అసంపూర్ణమని నా అభిప్రాయం. అత్యాచారం, తల్లి ఆరోగ్యానికి ముప్పు వంటి సందర్భాల్లో గర్భస్రావాన్ని చట్టం అనుమతించాలని అక్కడి పెద్ద ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ అయిన దక్షిణాది బాప్టిస్టుల మహాసభ 1971లోనే తీర్మానించింది. జాతి వివక్ష పాటించినందుకు బాబ్ జోన్స్ అనే క్రైస్తవ విశ్వవిద్యాలయానికి ఉన్న పన్ను మినహాయింపును ప్రభుత్వం 1976లో రద్దు చేయడం, తక్కిన క్రైస్తవ పాఠశాలలకూ అదే గతి పడుతుందన్న భయం, 1979లో బాప్టిస్టు మతబోధకుడు జెర్రీ ఫాల్‌వెల్ 'మోరల్ మెజారిటీ' అనే క్రైస్తవ రాజకీయ సంస్థను స్థాపించడానికి రంగం సిద్ధం చేశాయి. మత స్వేచ్ఛ పేరిట వారు కాపాడుకోజూసింది ఈ జాతి వివక్షనేనని వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ కనీసం 11 అంగుళాలకు 14 అంగుళాల పరిమాణంలో బైబిల్‌లోని పది ఆజ్ఞల పటం వేలాడదీయాలని 2024లో లూసియానా రాష్ట్రం చేసిన చట్టాన్ని కూడా ఈ చరిత్రతో కలిపి చదవాలి. మత స్వేచ్ఛ హక్కే తప్ప రాజ్యం దయతో ఇచ్చేది కాదని 1801లో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్‌కు మొరపెట్టుకున్నదీ, విచిత్రంగా, బాప్టిస్టులే – కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులు.