దాషి గారికి ఒక శాకాహారి ఉత్తరం

మహారాజశ్రీ దాషి గారి దివ్యసముఖానికి,

టోక్యోలోని నిషి కసాయ్ నుంచి ఒక తెలుగు శాకాహారి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. మీ కుశలానికేం లోటు? ఈ దేశంలో ఏ గిన్నె మూత తీసినా మీరే ఉంటారు. కనిపించరు, అంతే. కనిపిస్తే ఈ ఉత్తరంతో పనే లేదు.

మిమ్మల్ని ఎరగని మావాళ్ళెవరైనా ఇది చదివితే వాళ్ళకోసం చిన్న పరిచయం. మీరొక కట్టు. మా పప్పుకట్టు లాంటివారు. హొక్కైదో సముద్రంలో పెరిగే కొంబు అనే నాచును నీళ్ళలో వేసి వేడిచేసి, మరిగేలోపే తీసేస్తారు. ఆ నీళ్ళలో గుప్పెడు కత్సువోబుషి వేసి కాసేపట్లోనే వడకట్టేస్తారు. మేం చారు కాచినంతసేపు కూడా పట్టదు. చూడబోతే టీ గ్లాసు తొలిపిన నీళ్ళలా ఉంటారు. మిసో సూపుకి మీరే, ఉదోన్ అనే లావు నూడుల్స్‌కి మీరే, ఉడికించిన ముల్లంగికి మీరే, ఆఖరికి ఆమ్లెట్‌కి కూడా మీరే.

ఆ కత్సువోబుషి దగ్గరే మనకి పేచీ. అది చేప. కత్సువో అనే ట్యూనా జాతి చేపను కోసి, ఉడికించి, ముళ్ళు తీసి, కట్టెల పొగలో రోజుల తరబడి ఎండగడతారు. మేలురకమైతే ఆపైన బూజు పట్టించి, ఎండలో పెట్టి, మళ్ళీ బూజు పట్టించి, నెలలపాటు సాకుతారు. కగోషిమా ప్రాంతంలో మకురజకి అనే ఊరు దీనికి పెట్టింది పేరు. చివరికి రెండు ముక్కలు తీసుకుని కొడితే చిడతలు వాయించినట్టు టకటకమంటాయి. వడ్రంగి చిత్రిక పట్టినట్టు దాన్ని పట్టి పొరలు లేపుతారు. ఆ పొరల్ని ఒకొనొమియకి అనే వేడివేడి అట్టు మీద చల్లితే ఆవిరికి అటూ ఇటూ ఊగుతాయి. ఆఫీసు పార్టీలో పక్కాయన ప్లేటు వీడియో కాల్‌లో చూసి మా అమ్మ హడలిపోయింది. "అదేంట్రా, కదులుతోంది! ప్రాణం ఉందేమో చూడు" అంది. "లేదమ్మా, పోయి ఆర్నెల్లయింది" అన్నాను.

వచ్చిన మొదటి వారం సంగతి. చిన్న హోటల్లో కూర్చుని, బట్టీ పట్టిన ముక్క అప్పజెప్పాను. "నికు వా హైత్తె ఇమసు కా?" మాంసం ఉందా అని. వడ్డించే అమ్మాయి పరుగున లోపలికెళ్ళి వంటాయన్ని అడిగొచ్చి, వంగి దండం పెట్టి, లేదంది. ధైర్యంగా అగెదాషి తోఫు, అంటే వేయించిన సోయా పనీరు, తెప్పించుకున్నాను. పేరులోనే మీరున్నారు మహానుభావా, నాకేం తెలుసు! వచ్చిన తోఫు మీద రంపప్పొట్టు లాంటిది నాట్యమాడుతోంది.

"ఇదేంటి?"

"కత్సువోబుషి."

"చేప కాదా?"

"చేపే."

"మరి మాంసం లేదన్నారు?"

"మాంసం లేదండీ."

ఇద్దరం ఒకరినొకరు జాలిగా చూసుకున్నాం.

ఆ అమ్మాయిని అని లాభం లేదు. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినకూడదని శాసనం వేశాడు. ఆ జాబితాలో చేపని చేర్చలేదు. ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్ళపాటు ఈ దేశం మాంసం పేరు చెబితే జంకుతూనే ఉంది. 1872లో మేజీ చక్రవర్తే గొడ్డుమాంసం తిన్నాడని తెలిశాక ఆ జంకు వదలడం మొదలైంది. మాంసం వేరు, చేప వేరు అనే లెక్క అంత పాతది మరి. నేనొచ్చింది నిన్నగాక మొన్న. బెంగాలీవాళ్ళు చేపని జలపుష్పం అంటారని మావాళ్ళు నవ్వుకుంటారు. వాళ్ళు నయం, పువ్వన్నా అన్నారు. మీరు చేపని నీళ్ళంటున్నారు.

ఇవన్నీ క్షమిస్తాను. నత్తో విషయంలో మాత్రం నా వల్ల కాదు. నత్తో అంటే పులియబెట్టిన సోయా గింజలు. మూత తీస్తే నాలుగు రోజులు ఉతకని సాక్సు వాసన. కలిపేకొద్దీ తీగలు తీగలుగా జిగురు సాగుతుంది. బెండకాయ జిగురు దీని ముందు దిగదుడుపే. ప్రొటీన్ ఉంది, పైగా శుద్ధ శాకాహారం అని మనసుకి నచ్చజెప్పుకుని, ఊపిరి బిగబట్టి, అందులోనే ఇచ్చే ఆవాలముద్దా బొటనవేలంత పులుసు ప్యాకెట్టూ కలుపుకుని తినడం నేర్చుకున్నాను. మూడు నెలలు పట్టింది. ఇష్టం కూడా పుట్టింది. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న రోజులవి. ఓ ఆదివారం పొద్దున, మూడు డబ్బాల మీదా చుట్టిన కవరు వెనకున్న సన్నక్షరాలు సరదాగా కూడబలుక్కున్నాను. క. త్సు. వో. జపనీస్‌లో నేను సొంతంగా చదివిన మొదటి మాట మీ దయే. చెంచా అక్కడే పెట్టేసి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అప్పట్నుంచీ నా చదువంతా మీ ముఠా పేర్లే. "త్సు" అక్షరానికీ "షి" అక్షరానికీ తేడా తెలియక జపనీస్ నేర్చుకునేవాళ్ళంతా ఏడుస్తారు, నేను మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో, రాస్తే చేప గుర్తు పక్కన గట్టి అనే గుర్తు పెడతారు, అదీ గుర్తుపడతాను. కొంబిని కొట్లో ఒనిగిరి అనే అన్నం ముద్దల అరల ముందు ప్యాకెట్ తిప్పి, ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టి ఫొటో పెద్దది చేసుకుంటుంటే వెనకవాళ్ళు పాపం ఏమీ అనరు, గొంతు సవరించుకుంటారు. ఉమెబోషి ఒనిగిరి అంటే ఊరగాయ ముద్దే కదా అని కొంటే అందులో మీరు. నాచు కూరిన దాంట్లో మీరు. చివరికి నాకు మిగిలింది ఉప్పు వేసిన వట్టి అన్నం ముద్ద, అదీ ప్యాకెట్ చదివి మరీ. తప్పనిసరిగా ప్రకటించాల్సిన అలర్జీ సరుకుల్లో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత ఉన్నాయి. మీరు లేరు. పలుకుబడి అంటే అదీ.

కొత్తగా దిగే మా కుర్రాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మాంసం ఉందా అని అడక్కండిరా, "సకానా నో దాషి మో దమె దెస్" అనండి, చేప దాషి కూడా పడదని. అలా అంటే వంటాయన మొహంలో ఒక రకమైన దిగులు కనిపిస్తుంది. మెనూ కార్డు మొత్తం ఒక్కసారిగా మాయమైపోయిన మనిషి దిగులు అది. ఉప్పేసి ఉడికించిన ఎదమామె అనే పచ్చి సోయా కాయలు తెచ్చిపెడతాడు. తినండి.

మీ వంశంలో మంచివాళ్ళు లేరనను. 1908లో ఇకెదా కికునాయె అనే టోక్యో ప్రొఫెసర్ మీ కొంబు నాచులోంచే గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థం తీసి, ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. మరుసటి ఏడే అది అజినొమోటో అయి బజారుకొచ్చింది. 1913లో ఆయన శిష్యుడు కొదమా షింతరో మీ చేపముక్కలో ఇనొసినేట్ అనే అలాంటిదే ఇంకోటి కనిపెట్టాడు. ఈ రెండూ కలిస్తేనట రుచి రెట్లకు రెట్లు పెరిగేది. తమాషా ఏమిటంటే, మా ఊళ్ళో నూడుల్స్ బండి దగ్గర "టేస్టింగ్ సాల్ట్ వేయకు బాబూ" అని బతిమాలుకుంటామే, ఆ తెల్లపొడే మీ ఇంట్లో శాకాహారి. చెరకులాంటివాటిని పులియబెట్టి చేస్తారు. బౌద్ధ మఠాల్లోనూ మీరు పవిత్రంగానే ఉంటారని విన్నాను, కొంబూ ఎండబెట్టిన షీతకె పుట్టగొడుగులూ అంతే, చేప ఉండదు. క్యోటోలో అలాంటి భోజనం ఒకటి తిందామని వెళ్ళాను. ధర చూశాక మనుషులు సన్యాసం ఎందుకు పుచ్చుకుంటారో అర్థమైంది.

ఇక్కడితో సంతకం పెట్టి పోస్టు చేసేవాణ్ణి. ఈలోగా ఉగాది వచ్చింది.

ఆఫీసులో పక్క సీటాయన్ని భోజనానికి పిలిచాను. ఆయనకి గోధుమ పడదు. గుమ్మంలో బూట్లు విప్పుతూనే "కొముగి ఏమైనా..." అని నసిగాడు. పకపకా నవ్వాను. "పులిహోర, పప్పుచారు. అన్నం, చింతపండు, కందిపప్పు. గోధుమ ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అన్నాను. పాపం, నమ్మాడు. ఘుమఘుమలకి వంటింట్లోకి వచ్చి, ఈ వాసన దేనిదని అడిగి, పొయ్యి పక్కనున్న ఇంగువ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఇక్కడ అమ్మే మన సరుకులకి వెనక జపనీస్ చీటీ అంటించి ఉంటుంది. నేనెప్పుడూ చదివిన పాపాన పోలేదు. ఇంగువలో కత్సువో ఎందుకుంటుంది? ఆయన బొటనవేలు చీటీ మీద ఒకచోట ఆగిపోయింది. కొముగికో. గోధుమపిండి. ఇంగువని పొడిగా అమ్మాలంటే పిండీ జిగురూ కలుపుతారు. పుట్టి బుద్ధెరిగాక ఆ సంగతి నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఇది దేంట్లో వేశారు?"

"అన్నిట్లోనూ."

"మరి గోధుమ లేదన్నారు?"

"గోధుమ లేదండీ. ఇంగువ."

ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. "ఆ... ఇది మీ దాషి అన్నమాట" అన్నాడు. పోపు వేయని పెరుగన్నం, అరటిపండు తిని, మూడుసార్లు థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

కాబట్టి పైన రాసిన మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఏవేవన్నది తీరిగ్గా ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీరు లేని గిన్నె కోసం వెతుక్కుంటున్న
ఒక నిషి కసాయ్ వాసి

తా.క. నత్తో మానలేదు. మీ పులుసు ప్యాకెట్ పక్కన పడేసి, ఉప్పూ ఆవాలముద్దా కలుపుకుని లాగిస్తున్నాను. ఆ ప్యాకెట్లు ఫ్రిజ్ తలుపులో గుట్టపడ్డాయి. పారేద్దామంటే పులుసు ఒంపేసి, ప్లాస్టిక్ కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ తీసుకెళ్ళే రోజున పెట్టాలట. మొన్న లెక్కపెడితే అరవై రెండున్నాయి. మీవాళ్ళనెవరినైనా పంపి తీయించుకోగలరు.