పన్నెండు వోల్టులే కదా అనుకోకండి

మొన్న మిట్టమధ్యాహ్నం తాడ్వాయి అడవి నీడ దాటి ములుగు వైపు ఎండలోకి వచ్చామో లేదో, వ్యానులో కమురు వాసన మొదలైంది. పక్కకు ఆపి, వెనక సీటు కింద ప్లైవుడ్ పలక విప్పాను. సోలార్ బ్యాటరీకీ, పైకప్పు ప్యానెళ్ల కరెంటును అదుపు చేసి దానికి ఎక్కించే చార్జ్ కంట్రోలర్ పెట్టెకూ మధ్య ఉన్న ఎర్ర వైరు, బండి రేకుకు వేసిన రంధ్రం అంచుమీద ఆనుకుని ఉంది. ఇన్ని నెలల కుదుపులకు తొడుగు కోసుకుపోయి లోపలి రాగి కనిపిస్తోంది. పక్కనే రెండు వైర్లను మెలిపెట్టి నల్లటేపు చుట్టిన అతుకు. టేపు మీద వేలు పెడితే పాకంలా సాగింది. అప్పుడు మా అమ్మ, పిల్లలిద్దరూ ఆ సీటు మీదే నిద్రపోతున్నారు.

ఆ వైరుకు ఫ్యూజు లేదు.

హనుమకొండకు రాగానే పని చేసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అడిగాను. "అన్నా, పన్నెండు వోల్టులే కదా, షాకు కూడా కొట్టదు, ఏమీ కాదు" అన్నాడు. అతను మోసగాడేమీ కాదు. ఇళ్ల వైరింగులో చేయి తిరిగినవాడు. కానీ ఇంటి లెక్కను తెచ్చి బండిలో వేశాడు. నాకు కోపమంతా ఈ "ఏమీ కాదు" మీదే. వరంగల్ చుట్టుపక్కల వ్యాన్లకు సోలార్ పెట్టించుకుంటున్నవాళ్లందరికీ ఇదే మాట వినిపిస్తోంది.

షాకు కొట్టదన్నది నిజమే. కానీ ఇంట్లో 230 వోల్టుల మీద 400 వాట్లంటే 2 ఆంపియర్లు కూడా లేవు. బండిలో 12 వోల్టుల మీద అవే 400 వాట్లకు 33 ఆంపియర్లు కావాలి. కరెంటు రెట్టింపయితే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. మా బండిలో వేసింది ఇళ్లకు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, రానూ పోనూ కలిపి 10 మీటర్లు. ఆ పొడవుకు నిరోధం దాదాపు 0.07 ఓములు. 30 ఆంపియర్లు పారితే 2 వోల్టులకు పైగా దారిలోనే పోతాయి, 60 వాట్లకు పైగా వేడి పుడుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బులో ఖర్చయ్యేంత కరెంటు ప్లైవుడ్ వెనక వేడిగా మారుతోందన్నమాట. పది చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే ఆ వేడి నాలుగో వంతుకు దిగుతుంది. ప్యానెళ్లకూ లిథియం బ్యాటరీకీ పోసిన డబ్బు ముందు ఈ వైరు ధర ఎంతని?

ఇక ఫ్యూజు. చార్జ్ కంట్రోలర్‌లోనే ఫ్యూజు ఉంటుంది, మళ్లీ ఎందుకని వాదిస్తారు. అది ఆ పెట్టె కోసం పెట్టింది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరు సంగతేమిటి? ఆ వైరులోని రాగి బండి రేకుకు తగిలితే బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కక్కుతుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ కొసకు జానెడు దూరంలోపే ఉండాలి, దాని సామర్థ్యం వైరు మోయగల ఆంపియర్లను మించకూడదు. అది ఉన్నది వైరును కాపాడడానికి.

ప్యానెల్ వైపు కథ వేరు. ఒంటరి ప్యానెల్ షార్ట్ అయినా మామూలుగా ఇచ్చేదానికంటే కాస్తే ఎక్కువ కరెంటు ఇస్తుంది, కాబట్టి అక్కడ ఫ్యూజు ఎగిరిపోతుందని నమ్ముకోలేం. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ కరెంటు ఇస్తూనే ఉంటుంది. పైకప్పు మీద సోలార్ కోసమే చేసిన వైరు వాడాల్సింది అందుకే. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే పనికొస్తుంది. మే నెలలో రామగుండంలో ఆపిన బండి పైరేకు మీద చేయి పెట్టి చూడండి, తెలుస్తుంది.

ఇంటి ఎంసీబీని, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చును తెచ్చి డీసీకి, అంటే ప్యానెళ్లూ బ్యాటరీ ఇచ్చే ఒకే దిశ కరెంటుకు పెట్టడం ఇంకో ప్రమాదం. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, స్విచ్చు తెరిచినప్పుడు పుట్టే నిప్పు అక్కడ చచ్చిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. డీసీ అని రాసి ఉన్నదాన్నే, ప్యానెళ్ల వోల్టేజికి సరిపోయేదాన్నే తీసుకోండి. కరెంటు పారుతుండగా ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు ఊడదీయకండి. అతుకులకు లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగులు) వేసి క్రింపింగ్ చేయించండి, అంటే గట్టిగా నొక్కించండి, రేకు రంధ్రాల అంచులకు రబ్బరు గ్రోమెట్లు, అంటే రబ్బరు వలయాలు పెట్టించండి.

మేడారం జాతరకు మళ్లీ ఎన్నో వ్యాన్లు బయల్దేరతాయి. అక్కడ బండికీ బండికీ మధ్య మనిషి పట్టేంత సందు కూడా ఉండదు. పక్కనే గుడారాలు, పొయ్యిలు, నిద్రపోతున్న జనం. ఒక సీటు కింద మొదలైన మంట ఆ ఒక్క బండితో ఆగుతుందా?

బిల్లులో "వైరింగ్" అని ఒక్క మాట రాసిస్తే ఒప్పుకోకండి. ఏ వైరు, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, ఎక్కడ పెట్టారు, అన్నీ రాయించుకోండి.

మా బండి పని మళ్లీ ఆ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాను. పాత వైరు ముక్క చేతిలో పెడితే చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు, ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం పని ముగిశాక బ్యాటరీ కొసకూ కొత్త ఫ్యూజుకూ మధ్య దూరాన్ని తనే జానతో కొలిచి నాకు చూపించాడు.