టువాలు ఇంకా మునగలేదు పెదనాన్నా

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ ఈ ఏడాది మూడోసారి వచ్చింది. మొదట పెదనాన్న పెట్టారు, ఆయన పెట్టింది చూసుకోకుండా పిన్ని పెట్టింది, మొన్న మళ్ళీ పెదనాన్నే పెట్టారు. టువాలు అనే దేశం గురించి. (తువ్వాలు కాదు. ఫోన్‌లో టైపు చేస్తుంటే అదే వస్తోంది, ఇప్పటికి నాలుగుసార్లు దిద్దాను.)

మెసేజ్ చెప్పేదేమిటంటే: పసిఫిక్‌లో ఉన్న ఈ బుల్లి దేశం ఇప్పటికే సగం మునిగింది, 2050కల్లా పూర్తిగా మాయం, అందుకే దేశం దేశమంతా మూటాముల్లే సర్దుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోతోంది, అక్కడ ఇక ప్రభుత్వమంటూ లేదు, పాలించేది ఆస్ట్రేలియానే, జనం వెబ్‌సైట్ చిరునామాల చివర వచ్చే డాట్ టీవీ అనే పేరు అమ్ముకుని కూర్చుని తింటున్నారు, దేశాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేసి చేతులు దులుపుకున్నారు, ఒక్క ఏటీఎం కూడా లేని దేశం. కింద సూటు వేసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డ మంత్రి ఫోటో, దాని కింద దండాలు, ఏడుపు బొమ్మలు.

పూర్తి అబద్ధమైతే పట్టించుకోకుండా వదిలేసేవాణ్ణి. ఒక్కో ముక్కలో ఆవగింజంత నిజం ఉంది, తంటా అంతా దానివల్లే.

ఫోటోతోనే మొదలుపెడతాను, అది తేలిక. ఆయన సైమన్ కోఫె, అప్పటి విదేశాంగ మంత్రి. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు కోసం కావాలనే అలా నీళ్ళలో మైకు స్టాండు పెట్టించుకుని మాట్లాడి రికార్డు చేయించారు. ప్రపంచం తమవైపు చూడాలని చేసిన పని, చూసింది కూడా. అంతేగాని ఆఫీసు మునిగిపోయి వేరే దిక్కులేక నీళ్ళలో నిలబడలేదు.

"ఇప్పటికే సగం మునిగింది." లేదు. దేశం మొత్తం నేల దాదాపు 26 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర ఒక మోస్తరు మండలంలో పదోవంతు. తొమ్మిది దీవులని లెక్క చెబుతారు గానీ వాటిలో చాలావరకు మధ్యలో మడుగు, చుట్టూ వడ్డాణంలా పగడపు దిబ్బ, ఆ దిబ్బ మీద విడివిడిగా తేలిన ఇసుక తిన్నెలు. తిన్నెలన్నీ విడివిడిగా లెక్కపెడితే వందకు పైనే. రాజధాని ఫునాఫుటిలో జనం ఎక్కువగా ఉండే ఫోంగాఫాలె తిన్నె ఎంత సన్నగా ఉంటుందంటే, బాగా వెడల్పైన చోట కూడా నాలుగు వందల మీటర్లే, కొన్నిచోట్ల రోడ్డు మీద నిలబడితే ఇటు మడుగు, అటు మహాసముద్రం, రెండూ కనిపిస్తాయి. కొండ లేదు, నది లేదు. దేశం మొత్తంలో అతి ఎత్తైన చోటు ఐదు మీటర్లు కూడా ఉండదు. 1896–98 ప్రాంతంలో లండన్ రాయల్ సొసైటీవాళ్ళు, పగడపు దీవుల పుట్టుక గురించి డార్విన్ చెప్పింది నిజమో కాదో తేల్చుకుందామని ఫునాఫుటిలో బోరు వేశారు. వెయ్యి అడుగులు దాటి దింపినా పగడపు రాయే వచ్చింది. అంటే ఆ నేలంతా జీవాలు కట్టిన నేల.

ఇక్కడే రెండో రకం మెసేజ్‌వాళ్ళు దూరతారు. వీళ్ళు పెదనాన్న బ్యాచ్‌కి ఎదురు బ్యాచ్. "దీవులు మునగడం కాదు, పెరుగుతున్నాయి, శాస్త్రవేత్తలే చెప్పారు, వాతావరణ మార్పు అంతా బూటకం" అని వీళ్ళ వాదన. వీళ్ళు చూపించే పరిశోధన నిజమైనదే. 2018లో వచ్చింది. 1971 నుంచి 2014 వరకు తీసిన పాత విమాన ఫోటోలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి 101 తిన్నెలను కొలిస్తే మొత్తం నేల 2.9 శాతం పెరిగినట్టు తేలింది. ఆ నలభై ఏళ్ళలో అక్కడ సముద్రమట్టం ప్రపంచ సగటుకు దాదాపు రెట్టింపు వేగంతో పెరుగుతున్నా సరే. ఎలాగంటే, అలలు దిబ్బ మీది పగడపు ముక్కల్ని, గవ్వల పొడిని ఊడ్చుకొచ్చి ఒడ్డున పోస్తుంటాయి. 1972లో బేబే తుఫాను ఒక్క దెబ్బకు ఫునాఫుటి అంచున పద్దెనిమిది, పందొమ్మిది కిలోమీటర్ల పొడవున పగడపు రాళ్ళ గట్టు పోసి వెళ్ళింది. అదే తుఫాను ఊళ్ళో దాదాపు ఇళ్ళన్నీ ఊడ్చుకుపోయింది కూడా, ఆ సంగతి ఈ మెసేజ్‌వాళ్ళు రాయరు.

సరే, పెరిగింది. పెరిగిందంటే ఏమిటి? పైనుంచి కొలిచిన వైశాల్యం. ఎత్తు పెరిగినట్టు కాదు, ఊరున్న చోటే పెరిగినట్టూ కాదు. ఎవరూ ఉండని తిన్నె చివర కొత్తగా ఇసుక చేరితే ఫోంగాఫాలెలో ఇల్లున్న మనిషికి ఏం ఒరిగింది? పైగా అక్కడ నీళ్ళు గట్టు దాటే రానక్కర్లేదు. పగడపు నేల జల్లెడలాంటిది. ఏడాది మొదటి నెలల్లో పెద్ద పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు కాళ్ళ కింద నుంచే బుడబుడమని ఊరతాయి. గోడ కట్టి ఆపుదామంటే ఆగేవి కావు.

అసలు నష్టం ఈ ఊటలో ఉంది. పులకా అని అక్కడో దుంప, మన చేమదుంపకు పెద్దన్నలాంటిది. పగడపు నేలలో గొయ్యి తవ్వి, అడుగున తేలే మంచినీటి పొర దాకా వెళ్ళి, ఆకులలములు పోసి కుళ్ళబెట్టి, ఆ బురదలో పండిస్తారు. తరతరాల కష్టంతో తయారైన గోతులు అవి, ఉప్పు ఎక్కితే గొయ్యి మొత్తం పోయినట్టే. తాగేనీళ్ళంటే ఇళ్ళ కప్పు మీద పడ్డ వాన తొట్టెల్లోకి పట్టుకోవడమే. 2011లో వానలు మొహం చాటేస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించారు, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు బయటి దేశాల నుంచి విమానాల్లో తెప్పించుకున్నారు. చుట్టూ సముద్రం, తాగడానికి చుక్క లేదు. కాబట్టి ఎదురు బ్యాచ్‌కి కూడా నా జవాబు ఇదే: నేల మునిగేలోపే బతుకు కష్టమైపోవచ్చు, మీ 2.9 శాతం దానికి మందు కాదు.

2050 సంగతికొస్తే, నాసా 2023లో చెప్పిన దాని ప్రకారం అక్కడ సముద్రం ముప్పై ఏళ్ళలో దాదాపు 15 సెంటీమీటర్లు పెరిగింది, 2050కల్లా నేలలో చాలా భాగం, ముఖ్యమైన కట్టడాలతో సహా, మామూలు పోటు మట్టానికి దిగువన ఉండొచ్చు. "పోటు మట్టానికి దిగువన" అంటే పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు వచ్చే ప్రమాదం అని. అది చిన్న కష్టమేమీ కాదు. కానీ "పూర్తిగా మాయం" కూడా కాదు. ఈ తేడాను ఫార్వర్డ్ మెసేజ్‌లు మింగేస్తాయి. ఆ లోపు అక్కడివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఫునాఫుటిలో మడుగు వైపు 780 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున, పోటు అందనంత ఎత్తుకు ఇసుక పోసి కొత్త నేల తయారుచేసుకున్నారు, 2023లో ఆ పని పూర్తయింది. ఇంకో పాత గాయం కూడా మాన్పుకున్నారు. 1943లో అమెరికా సైన్యం జపాన్ మీద యుద్ధానికి అక్కడ రన్‌వే వేసుకోవడానికి ఊరి నేలే తవ్వింది. ఆ గోతులు డెబ్బై ఏళ్ళు మురికినీళ్ళతో, చెత్తతో అలాగే ఉండి, 2015లో న్యూజిలాండ్ డబ్బుతో పూడ్చారు. ఊరు మధ్యలో నీళ్ళు నిలిచిన పాత ఫోటోలు చూసి "మునిగిపోయిన ఊరు" అని రాసేవాళ్ళు ఈ గోతుల కథ కూడా ఒకసారి చదవాలి. ఆ రన్‌వే మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు. విమానం లేనప్పుడు సాయంత్రాలు పిల్లలూ పెద్దలూ అక్కడే బంతాట, విమానం వస్తుంటే సైరన్ మోగుతుంది, అందరూ పక్కకు తప్పుకుంటారు.

"దేశం మొత్తం ఆస్ట్రేలియాకు వలస." 2023 నవంబరులో రెండు దేశాలూ ఫలెపిలి ఒప్పందం మీద సంతకం చేశాయి, 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. ఫలెపిలి అంటే ఇరుగుపొరుగు ఒకరినొకరు చూసుకోవడం అని అర్థం. దాని కింద ఏటా 280 మందికి వీసా. జనాభా ఎంత? సుమారు 10, 11 వేలు. ఒక్క బిడ్డ కూడా పుట్టడనుకుని లెక్కేసినా అందరూ వెళ్ళడానికి ముప్పై ఐదేళ్ళు పైనే పడుతుంది! 2025లో మొదటిసారి లాటరీ తెరిస్తే కుటుంబాలతో కలిపి 8,750 మంది పేర్లు వచ్చాయి, వార్తల్లో గగ్గోలు పుట్టించింది ఆ అంకే. పేరు ఇవ్వడం వేరు, వెళ్ళిపోవడం వేరు, అమెరికా గ్రీన్ కార్డు లాటరీకి పేరు వేసినవాళ్ళందరూ అమెరికాలో లేరు కదా. ఆస్ట్రేలియా పౌరసత్వం ఇచ్చేస్తున్నారని ఎవరైనా అంటే అదీ తప్పే, ఇచ్చేది శాశ్వత నివాసం. సొంత పౌరసత్వం వదులుకోనక్కర్లేదు. వెళ్ళొచ్చు, చదువుకోవచ్చు, పని చేసుకోవచ్చు, తిరిగి ఇంటికి రావచ్చు.

వాళ్ళకి వలస కొత్తేమీ కాదు. టువాలులోని వైటుపు దీవివాళ్ళు 1940ల్లోనే ఫిజీలో కియోవా అనే దీవిని డబ్బిచ్చి కొనుక్కుని కొన్ని కుటుంబాలను అక్కడికి పంపారు, వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడే. (1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటలకు వెళ్ళిన మన తెలుగు కూలీల సంతతి ఉన్న ఫిజీయే ఇది. ఫునాఫుటికి విమానం కావాలన్నా మామూలుగా అక్కడికే పోవాలి, అక్కడి నుంచి ఉత్తరంగా ఇంకో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు.) అబ్బాయిలు తరతరాలుగా సరుకు ఓడల్లో పనికి వెళ్ళి డబ్బు పంపుతున్నారు, అందుకు దేశంలో ఓ శిక్షణ సంస్థే ఉంది. బలవంతంగా పోయినవాళ్ళూ ఉన్నారు, 1863లో పెరూ ఓడలవాళ్ళు మాయమాటలు చెప్పి ఫునాఫుటి, నుకులేలే దీవుల నుంచి దాదాపు నాలుగు వందల మందిని ఎక్కించుకుపోయారు, తిరిగొచ్చినవాళ్ళు లేనట్టే. దేశం ఖాళీ కావడమంటే ఏమిటో ఆ రెండు దీవులకు ఎప్పుడో తెలుసు.

"ప్రభుత్వం లేదు, ఆస్ట్రేలియా పాలిస్తోంది." ఇది చదివి నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇవి బ్రిటిష్‌వాళ్ళ గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల కాలనీలో ఎల్లిస్ భాగం. ఎల్లిస్ వైపు జనం పాలినీషియన్లు, గిల్బర్ట్ వైపు మైక్రోనీషియన్లు. 1974లో ఓటింగ్ పెడితే ఎల్లిస్ వాళ్ళు మేం విడిపోతాం అన్నారు, విడిపోయారు, 1978 అక్టోబరు 1న స్వతంత్రులయ్యారు. టువాలు అంటే ఎనిమిది కలిసి నిలబడటం. తొమ్మిది దీవులుండగా ఎనిమిదేమిటంటే, పేరు పెట్టింది అనాదిగా జనమున్న ఎనిమిదింటిని బట్టి. తొమ్మిదోది నియులకిట, అక్కడికి నియుటావో వాళ్ళు చాలా తర్వాత వెళ్ళారు, ఇప్పటికీ ఓట్ల లెక్క నియుటావోతోనే. దీవికి ఇద్దరు చొప్పున 16 మంది సభ్యుల పార్లమెంటు, రాజకీయ పార్టీలే లేవు. (పార్టీ ఫిరాయింపు అనే మాటే లేని దేశం! కాకపోతే ఎవరు ఎప్పుడు ఎటు మొగ్గుతారో తెలియక అవిశ్వాస తీర్మానాలు గట్టిగానే నడుస్తాయి.) దేశాధిపతి బ్రిటన్ రాజే, 2008లో గణతంత్రం కావాలా అని ఓటు పెడితే జనమే వద్దన్నారు. దీవి స్థాయిలో పెద్దల సభ ఫలెకౌపులె, దానికి 1997లో చట్టబద్ధంగా అధికారాలిచ్చారు.

2024 జనవరి ఎన్నికల్లో అప్పటి ప్రధాని కౌసియా నటానో సొంత సీటే పోగొట్టుకున్నారు. కొత్త ప్రధానిని ఎన్నుకోవడం కొన్ని వారాలు ఆలస్యమైంది, కారణం కుట్ర కాదు, వాతావరణం బాగోలేక బయటి దీవుల సభ్యులు పడవల్లో రాజధానికి చేరలేకపోయారు! చేరాక పోటీ లేకుండా ఫెలెటి టియో ప్రధాని అయ్యారు. ఆ ఎన్నికల్లో పెద్ద గొడవ ఆస్ట్రేలియా ఒప్పందమే. మాజీ ప్రధాని ఎనెలె సొపొయాగా దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఎందుకంటే, వేరే దేశంతో రక్షణ, పోలీసు, రేవులు, టెలికాం లాంటి విషయాల్లో ఒప్పందం చేసుకోవాలంటే ఆస్ట్రేలియా కూడా సరేననాలని అందులో ఉంది. పెదనాన్న మెసేజ్‌లో ఆవగింజ ఇదే. నా మటుకు నాకు ఆ షరతు బరువైనదే అనిపిస్తుంది, వీసాలకు బదులుగా పెద్ద ధరే కట్టారు. కానీ ఒప్పుకుంది వాళ్ళు ఎన్నుకున్న ప్రభుత్వం, దాని మీద కొట్లాడింది వాళ్ళ ప్రతిపక్షం. ఆస్ట్రేలియా డాలరు వాడుతున్నారు, నిజమే, దానివల్ల పాలన చేతులు మారదు. తైవాన్‌ని దేశంగా గుర్తించే గుప్పెడు దేశాల్లో టువాలు ఒకటి, ఆస్ట్రేలియా తైవాన్‌ని గుర్తించదు. పాలించేది ఆస్ట్రేలియానే అయితే ఇదెలా కుదురుతుందో మెసేజ్ రాసినవాళ్ళే చెప్పాలి.

డాట్ టీవీ డబ్బు నిజమే, దేశాలకు ఇంటర్నెట్ అక్షరాలు పంచినప్పుడు వీళ్ళకు కలిసొచ్చిన అదృష్టం అది. 2000లో కుదిరిన బేరం డబ్బుతోనే ఐక్యరాజ్యసమితిలో చేరే ఖర్చు పెట్టుకుని 189వ సభ్యదేశమయ్యారు. కానీ ఖజానాకు అంతకంటే పెద్ద ఆధారం చేపలు. నేల 26 చదరపు కిలోమీటర్లైనా వాళ్ళ హక్కున్న సముద్రం ఏడు లక్షల చదరపు కిలోమీటర్లు పైనే, అందులో ట్యూనా. పరాయి ఓడలు అక్కడ వేట చేయాలంటే రోజుల లెక్కన రుసుము కట్టాలి, ఆ ధర ఇరుగుపొరుగు దీవుల దేశాలతో కలిసి కట్టుగా నిర్ణయిస్తారు. 1987లో పెట్టిన ట్రస్టు నిధి కూడా ఉంది, పంట పండిన ఏడు దాచుకుని కరువు ఏడు తీసుకున్నట్టు వాడతారు.

కంప్యూటర్‌లోకి ఎక్కించిన దేశం గురించి రెండు ముక్కలు. 2022లో ఆ పథకాన్ని కోఫెగారే ప్రకటించారు, దీవుల్ని త్రీడీలో నమోదు చేయడం, రికార్డులు భద్రపరచడం అందులో భాగం. అసలు పని వేరే ఉంది: 2023లో రాజ్యాంగం మార్చుకుని, నేలకు ఏమైనా సరే దేశంగా తాము ఎప్పటికీ ఉంటామని రాసుకున్నారు. సముద్రం మీద హక్కు, చేపల రాబడి, ఐరాసలో కుర్చీ, అన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి మరి. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా తన అభిప్రాయంలో, ఒకసారి దేశంగా ఏర్పడ్డాక నేల పోయినంత మాత్రాన దేశం కాకుండా పోనక్కర్లేదన్న అర్థంలో చెప్పింది.

ఇక ఏటీఎం. ఇదొక్కటి మొన్నమొన్నటిదాకా నూటికి నూరుపాళ్ళు నిజం. 2025 ఏప్రిల్‌లో ఫునాఫుటిలో మొదటి ఏటీఎం పెట్టారు, ప్రధానితో సహా పెద్దలంతా వచ్చారు. మునిగిపోతున్న దేశంలో, ఖాళీ చేసి వెళ్ళిపోతున్న జనం కొత్తగా ఏటీఎం ఎందుకు పెట్టుకున్నారు పెదనాన్నా అని గ్రూపులోనే అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు గానీ గంట తర్వాత పసుపు, మిరియాలు కలిపి తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయని ఇంకో మెసేజ్ వచ్చింది.