పరీక్షకు ముందే సెట్టింగులు చెప్పండి

ఆన్‌లైన్ పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేర్‌లో 'సమయం ముగిస్తే ఏం చేయాలి' అని ఒక గడి ఉంటుంది. కళాశాలల్లో బాగా వాడుకలో ఉన్న 'మూడుల్' (Moodle) అనే సాఫ్ట్‌వేర్‌లో దానికి మూడు జవాబులున్నాయి. రాసినంతవరకు దానంతటదే సమర్పించడం ఒకటి. కొత్త జవాబులు రాయనివ్వకుండా, సమర్పించడానికి మాత్రం కాస్త గడువివ్వడం రెండోది. గంట కొట్టేలోగా విద్యార్థి సమర్పించకపోతే రాసినదంతా లెక్కలోకి తీసుకోకపోవడం మూడోది. ఆఖరి రెండు నిమిషాల్లో ల్యాబ్‌లో నెట్ పోయిందనుకోండి. మొదటిది పెట్టి ఉంటే అప్పటిదాకా రాసి, సర్వర్‌కు చేరిన బిట్లన్నీ లెక్కలోకి వస్తాయి. మూడోది పెట్టి ఉంటే సున్నా. ఆ గడిలో ఏది ఎంచారో పరీక్ష రాసే అమ్మాయికి తెలియదు. ఆ పాఠం చెప్పిన అధ్యాపకుడికైనా తెలుసా అంటే అనుమానమే.

తిరుపతిలో ఇది చిన్న విషయం కాదు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చిన ఊరిది. కుప్పం, పలమనేరు, నగరి, సత్యవేడు పిల్లలు చదువుకోవడానికో, పరీక్ష రాయడానికో ఇక్కడికే వస్తారు. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ వంటి ప్రవేశ పరీక్షలు కంప్యూటర్ మీదే రాస్తారు. చాలాచోట్ల మిడ్ పరీక్షల బిట్లు, ఇంటర్నల్స్ కూడా అటు మళ్లుతున్నాయి. కాగితం పరీక్షలో కాపలా కళ్లకు కనిపించేది. స్క్వాడ్ వచ్చేది, జేబులు తడిమేది, ఇన్విజిలేటర్ సంతకం జవాబుపత్రం మీదే ఉండేది. ఇప్పుడా కాపలాలో సగం ఎవరో ఒకరు ముందురోజు సాయంత్రం టిక్కులు పెట్టే ఒక పేజీలోకి వెళ్లిపోయింది.

భద్రతా సెట్టింగులు వద్దని మేము అనడం లేదు. కట్టుదిట్టంగానే పెట్టాలి. కాపీ కొట్టినవాడి ర్యాంకు, రాత్రింబగళ్లు చదివినవాడి సీటును తినేస్తుంది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం తయారు చేసిన సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఉచితంగానే దొరుకుతుంది. అది తెరిస్తే పరీక్ష తప్ప కంప్యూటర్‌లో ఇంకేదీ తెరుచుకోకుండా చేయవచ్చు. మరో కిటికీకి మారడం, కాపీ పేస్టు, స్క్రీన్‌షాట్ అన్నీ ఆపేయవచ్చు. ఎవరైనా దాని అమరికను తెలివిగా మార్చుకొస్తే, బ్రౌజర్ పంపే గుర్తు సరిపోలక సర్వర్ పట్టేస్తుంది. మన ఊళ్లకు సంబంధించిన చిక్కు ఒకటుంది. అది విండోస్, మ్యాక్, ఐప్యాడ్, ఐఫోన్‌ల మీదే నడుస్తుంది. మన పిల్లల్లో చాలామంది చేతిలో ఉండేది ఆండ్రాయిడ్ ఫోనే. కాబట్టి దీన్ని పెట్టదలచుకున్న కళాశాల ల్యాబ్ ఇచ్చి తీరాలి. ల్యాప్‌టాప్ తెచ్చుకోమని నోటీసు అంటిస్తే కుదరదు.

ల్యాబ్ ఉంటే చాలా పనులు తేలికవుతాయి. ఆ ల్యాబ్ నెట్ చిరునామా (ఐపీ అడ్రస్) నుంచి వస్తేనే పరీక్ష తెరుచుకునేలా పెట్టవచ్చు. అయితే ల్యాబ్‌కూ హాస్టల్‌కూ బయటికి కనిపించే చిరునామా ఒకటే అయితే, హాస్టల్ మంచం మీద కూర్చున్నవాడికీ తలుపు తెరుచుకుంటుంది. ఇది ముందుగా చూసుకోవాల్సింది కళాశాల నెట్‌వర్క్ చూసే ఉద్యోగే. హాల్లో చదివి వినిపించిన పాస్‌వర్డ్ నిమిషంలో వాట్సాప్‌లోకి పోతుంది గనుక దాని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మరో గడిని చాలామంది పట్టించుకోరు. సరైన జవాబులు ఎప్పుడు చూపించాలన్నదే అది. 'రాయగానే' అని వదిలేస్తే, ఇరవై నిమిషాల్లో ముగించినవాడికి జవాబులన్నీ కనిపిస్తాయి. పక్క బ్యాచ్ అప్పటికింకా రాస్తూనే ఉంటుంది. ప్రశ్నలను కలగాపులగం చేయడం, పెద్ద ప్రశ్నల నిధి నుంచి ఒక్కొక్కరికి వేర్వేరుగా తీయడం వంటివి ఖర్చులేని జాగ్రత్తలు. వాటికి కావలసింది ముందుగా కూర్చుని ప్రశ్నలు రాసే ఓపిక.

ఇన్ని చేసినా ఒడిలో దాచిన రెండో ఫోన్‌ను ఏ బ్రౌజరూ చూడలేదు. మనిషి నడవాల్సిందే. 2021 జేఈఈ మెయిన్‌లో సోనీపత్‌లోని పరీక్షా కేంద్రంలో కంప్యూటర్లను వేరేచోటి నుంచి నడిపించారన్న ఆరోపణ మీద సీబీఐ కేసు పెట్టింది. కేంద్రం లోపలి యంత్రాల మీద అధికారం ఉన్నవారే దారి ఇస్తే విద్యార్థి ముందున్న తాళం ఏం చేస్తుంది? 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కేంద్ర పరీక్షల చట్టం కంప్యూటర్ వ్యవస్థను తారుమారు చేయడాన్ని, భద్రతా ఏర్పాట్లను కావాలని ఉల్లంఘించడాన్ని నేరాలుగా చెప్పింది. అయితే అది జేఈఈ, రైల్వే, యూపీఎస్సీ వంటి వాటికే. కళాశాల మిడ్ పరీక్షకు దాని నీడ పడదు. అక్కడ బాధ్యత పూర్తిగా ఆ సంస్థదే.

ఇంట్లో కూర్చోబెట్టి కెమెరాతో కాపలా కాసే పద్ధతిని మాత్రం మేము ఒప్పుకోలేం. కళ్లు పక్కకు తిరిగితే, వెనక ఎవరైనా నడిస్తే, వెలుతురు తగ్గితే సాఫ్ట్‌వేర్ 'అనుమానం' అని గుర్తు పెడుతుంది. ఒకే గదిలో తమ్ముడు, అవ్వ, టీవీ ఉన్న ఇంట్లో ఆ గుర్తులు ఎవరి మీద ఎక్కువ పడతాయో వేరే చెప్పాలా? పరీక్షకు ముందు గదంతా కెమెరాతో చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో అమెరికాలోని ఓహైయో కోర్టు ఒకటి క్లీవ్‌ల్యాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం కేసులో తేల్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. తిరుపతి వాసులకు ముఖం చూసి గుర్తుపట్టే యంత్రాలు కొత్త కాదు. తిరుమలలో గదుల కేటాయింపుకు 2023 మార్చి నుంచే వాడుతున్నారు. అక్కడ యంత్రం పొరబడితే కౌంటర్‌లో ఉన్న మనిషితో మాట్లాడవచ్చు. పరీక్షలో పొరబడితే ఆ కుర్రాడి రికార్డులో మాల్‌ప్రాక్టీస్ అని పడుతుంది. వీడియోను ఒక అధ్యాపకుడు స్వయంగా చూసి, విద్యార్థి చెప్పేది విని, ఆ తర్వాతే చర్య తీసుకోవాలి. అనుమానపు గుర్తు ఒక్కటే సాక్ష్యం కాకూడదు.

చూపులేని విద్యార్థుల సంగతి ఈ హడావుడిలో మరిచిపోతున్నాం. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను కూడా తాళం బ్రౌజర్ ఆపేసే ప్రమాదం ఉంది. అర్హులైన దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లోనే కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మూడుల్‌లో ఒక్కో విద్యార్థికి విడిగా సమయం పెంచే వీలుంది. నాలుగు నొక్కుల పని. ఎవరూ నొక్కకపోతే ఆ బిడ్డ తెర మిగతావారితోపాటే మూసుకుపోతుంది.

ప్రశ్నపత్రాల కట్ట సీలు విప్పేటప్పుడు సాక్షుల సంతకాలు తీసుకునే అలవాటు మన పరీక్షా కేంద్రాలకు ఎప్పటినుంచో ఉంది. సెట్టింగుల పేజీకీ అదే మర్యాద ఇవ్వండి. ఏ గడిలో ఏం పెట్టారో కాగితం మీద తీసి, పెట్టినవారు, సరిచూసినవారు ఇద్దరూ సంతకం చేయాలి. ప్రశ్నల భద్రతకు భంగం కలిగించే పాస్‌వర్డు, నెట్ చిరునామా మినహాయించి మిగతాదంతా వారం ముందు తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలి. నెట్ పోతే ఏమవుతుంది, వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోవచ్చా, సిస్టమ్ హ్యాంగ్ అయితే ఎవరిని పిలవాలి అన్నవి అందులో ఉండాలి. అదే ల్యాబ్‌లో, అదే కంప్యూటర్ మీద, మార్కులు లేని నమూనా పరీక్ష ఒకటి రాయించాలి. జిల్లాలోని విశ్వవిద్యాలయాలు తమ అనుబంధ కళాశాలలకు ఈ మేరకు ఉత్తర్వు పంపడానికి ఒక్క సమావేశం చాలు. వచ్చే సెమిస్టర్ మొదటి మిడ్ నాటికి ఆ కాగితం ప్రతి ల్యాబ్ తలుపు మీద కనిపించాలి.