ఆ రాయి పొడి ఎవరూ తాగకండి

వారం నుంచి మా నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. కోసిన క్యాబేజీలా పొరలు పొరలుగా ఉన్న రాయి ఫోటో. "కృష్ణ ఒడ్డున డైనోసార్ గుడ్డు, నాసా ధ్రువీకరించింది, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది, ఈ రాయి పొడిని బోరు నీళ్లలో కలిపి తాగితే ఫ్లోరైడ్ పోతుంది" అని కింద రాత. నిన్న మా మేనమామ కూడా పంపి, "మీ అత్త మోకాళ్లకు పనిచేస్తదా బిడ్డా?" అని అడిగిండు.

నాసా ముచ్చట వదిలేయండి.

అది గుడ్డు కాదు, స్ట్రోమటోలైట్, అంటే సైనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాయి. ఎండ తగిలే లోతు తక్కువ నీళ్లలో సైనోబ్యాక్టీరియా జిగటగా చాపలా పరుచుకుంటుంది. దానిమీద ఒండ్రు అంటుకుంటుంది, సున్నపు ఖనిజం పేరుకుంటుంది. వెలుతురు కోసం ఆ జీవులు పైకి పాకి మళ్లీ చాప పరుస్తాయి. కడప జిల్లా వేంపల్లె వైపు నుంచి తెచ్చుకున్న ముక్క ఒకటి నా దగ్గరుంది. భూతద్దంలో చూస్తే ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత. ఒకచోట పొర చిరిగితే, పైపొర ఆ గుంతలోకి వంగి దాన్ని కప్పేసింది. అక్కడి రాళ్లు సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. డైనోసార్లు పుట్టి 23 కోట్ల ఏళ్లే.

సముద్రం మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను. తాండూరు బండలు, హుజూర్‌నగర్ సిమెంటు రాయి ఆ పాత సముద్రాల అడుగునవే.

ఇక ఫ్లోరైడ్. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన నీళ్లలోకి ఫ్లోరైడ్ వచ్చిందే రాళ్లలోంచి. రాయి కలిపితే పోయేదైతే, మన బోర్ల అడుగున ఉన్నదంతా రాయే కదా, ఎప్పుడో పోవాలి! "నీళ్లలో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిలో సున్నం కలుపుతారుగా" అంటారేమో. కలుపుతారు. కానీ ఫ్లోరైడ్‌ను పట్టుకునేది పటిక. అది తెట్టెలు కట్టి, ఫ్లోరైడ్‌ను తీసుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు తాగి, మడ్డి పారబోస్తారు. ఈ మెసేజ్ రాసినాయన మడ్డితో సహా తాగమంటున్నాడు! మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు చూస్తూ పెరిగిన జిల్లా మనది. ఒంగిన ఎముకను ఏ పొడీ నిలబెట్టదు. ఫార్వర్డ్ నొక్కేటప్పుడు ఆ కాళ్లు ఒక్కరికీ గుర్తురాలేదా?

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు నీళ్లు తాగొద్దు, వంటకూ వాడొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు.

మామా, అత్తకు ఆ పొడి ఇయ్యకు. మీ బోరు నీళ్ల పరీక్ష అయ్యేదాకా కృష్ణ నీళ్లే తాగియ్యి. సోమవారం పొద్దున వస్తా, మీ బోరు నీళ్లు సీసాలో పట్టి పెట్టు. ల్యాబ్‌కు పోదాం.