కుక్కకు ఒక బానిస

రోమన్ సామ్రాజ్యం ఎందుకు కూలిందంటే ‘అనాగరిక తెగల దండయాత్రల వల్ల’ అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న తరాలు మనవి. 376లో సామ్రాజ్యపు సరిహద్దు నది డాన్యూబ్ ఒడ్డున జరిగినదానికీ ఆ జవాబుకూ పొంతన లేదు. అక్కడికి చేరిన గోత్‌లు అనే జెర్మానిక్ తెగవారు కత్తి దూసి రాలేదు, అనుమతి అడిగి వచ్చారు.

తూర్పు నుంచి హూణులు తరుముకొస్తుంటే వారు పిల్లాపాపలతో నది ఉత్తర తీరానికి చేరి, ఆవలి ఒడ్డున చోటివ్వమని తూర్పు రోమన్ చక్రవర్తి వాలెన్స్‌కు దూతలను పంపారు. వారు ఆయనకు కొత్తవారేమీ కాదు. 369లో గోత్ నాయకుడు అథానరిక్‌తో ఆయన సంధి కుదుర్చుకున్నది ఇదే నది నడుమ, పడవలో. ఈసారి ఆయన సరేనన్నది జాలితో కాదు. గోత్ యువకులు పటాలంలో చేరితే, సొంత ప్రజల దగ్గర సైనికులకు బదులు బంగారం పుచ్చుకోవచ్చన్నది లెక్క.

వానలకు ఉప్పొంగిన నదిని రాత్రింబవళ్లు పడవల మీద, తెప్పల మీద, తొలిచిన చెట్టు మొద్దుల మీద దాటారు. ఈదబోయి మునిగినవారూ ఉన్నారు. తలలు లెక్కపెట్టబోయిన అధికారులు చేతులెత్తేశారు. రోమ్ రానిచ్చిన ఈ జనానికి తిండి పెట్టే బాధ్యత లూపిసినస్, మాక్సిమస్ అనే ఇద్దరు సేనాధికారులపై పడింది. శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటే ఏమిటో వారు చేసి చూపారు. దొరికిన కుక్కలనల్లా పట్టించి, ఆకలితో ఉన్నవారికి తిండిగా ఇచ్చి, ఒక్కో కుక్కకు ఒక్కో మనిషిని బానిసగా తీసుకున్నారు. అలా అమ్ముడుపోయినవారిలో తెగ పెద్దల కొడుకులూ ఉన్నారు. ఈ సంగతి రాసింది గోత్‌ల పక్షం వహించినవాడు కాదు, రోమన్ సైన్యంలో పనిచేసిన చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్. కంచే చేను మేసిందని కాపలాదారుల్లోనే ఒకడు వాంగ్మూలం ఇచ్చినట్లన్నమాట.

ఆ తర్వాత లూపిసినస్ గోత్ నాయకులను మార్సియానోపోలిస్ నగరంలో విందుకు పిలిచాడు. లోపల విందు సాగుతుంటే, ఊళ్లో సరుకులు కొనుక్కోనివ్వండని బతిమాలుతున్న జనాన్ని సైనికులు గోడల దగ్గరే అడ్డుకున్నారు. గొడవ ముదిరింది, నాయకుల అంగరక్షకులను చంపించారు. వారిలో ఒకడైన ఫ్రిటిగెర్న్ తప్పించుకున్నాడు. అప్పటికిగానీ యుద్ధం మొదలు కాలేదు.

378 ఆగస్టు 9న ఏడ్రియానోపుల్ నగరం దగ్గర గోత్‌లతో పోరుకు దిగిన వాలెన్స్, సొంత అన్న కొడుకు, పశ్చిమ రోమన్ చక్రవర్తి గ్రేషియన్ సాయానికి వస్తున్నా ఆగలేదు. విజయంలో వాటా పంచడం ఇష్టం లేకపోయింది. ఎండలో, ఆకలిదప్పులతో నిలబెట్టిన సైన్యంలో మూడింట రెండు వంతులు నేలకూలాయి. చక్రవర్తి శవం కూడా దొరకలేదు.

అంత నెత్తురు పారాక, 382 అక్టోబరులో వాలెన్స్ తర్వాత చక్రవర్తి అయిన థియోడోసియస్ ప్రభుత్వం గోత్‌లతో ఒప్పందం చేసుకుంది. డాన్యూబ్‌కు దక్షిణాన సాగుకు భూములు, బదులుగా రోమ్ తరఫున సైనిక సేవ. ఆరేళ్ల కిందట దూతలు అడిగిందీ ఇదే.