బావగారి ఈల

డాల్ఫిన్లతో ఈత అంటే అందరూ బొమ్మలు చూసి సరదాపడి వెళతారు. మా బావగారు చదువుకుని వెళతారు. మెరైన్ పార్కులో వెట్‌సూట్ల కోసం లైన్లో నిలబడ్డంతసేపూ ముందున్నవాళ్లకీ వెనకున్నవాళ్లకీ క్లాసు పీకారు. డాల్ఫిన్ చేప కాదట, నెత్తిమీది రంధ్రంతో ఊపిరి పీలుస్తుందట. దాని మొహంలో కనిపించేది నవ్వు కాదట, దవడ అమరికే అంతట. నిద్రపోయేటప్పుడు మెదడు సగమే పడుకుంటుందట, మిగతా సగం కాపలా కాస్తుందట.

"మీకు మెలకువలో కూడా అంతేగా" అంది అక్క.

వెట్‌సూట్ వేసుకోవడమంటే పెద్ద దిండును చిన్న గలీబులో కూరడమే. బావగారు చెమటలు కక్కుతూ మొత్తానికి దూరారు. జిప్పు వీపువైపు రావాలని అప్పుడు చెప్పారు. విప్పి మళ్లీ మొదలు.

నగలు, వాచీలు తీసేయమన్నారు. డాల్ఫిన్ చర్మం సున్నితం, గీసుకుంటుంది. పైగా నీళ్లలో ఏది పడినా మింగేసే ప్రమాదముంది. సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లు కడుక్కొచ్చారు.

తర్వాత ట్రైనర్ అమ్మాయి మెడలోని ఈల చూపించి అసలు సంగతి చెప్పింది. డాల్ఫిన్ చెప్పిన పని సరిగ్గా చేసిన క్షణంలోనే ఈల మోగుతుంది. అంటే "శభాష్, అయిపోయింది, వచ్చి చేప తీసుకో" అని. ఈల మోగాక చేప ఇవ్వకపోతే మరోసారి ఆ ఈలకు విలువుండదు. అందరం శ్రద్ధగా విన్నాం. బావగారు మాత్రం పక్కాయనకు వినికిడి గురించి చెబుతున్నారు: మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే డాల్ఫిన్‌ది లక్షన్నర దాకా వెళుతుందని.

బావగారి వంతు వచ్చింది. బోర్లా పడుకుని, చేతులు చాచి, మోకాళ్లు బిగబట్టాలి. రెండు డాల్ఫిన్లు వెనకనుంచి వచ్చి చెరో అరికాలికీ ముక్కు ఆనించి నెడతాయి. మోకాలు వంగితే బోల్తా. నిజం చెప్పాలంటే బావగారు అదరగొట్టారు. నీళ్లు చీల్చుకుంటూ నడుం దాకా పైకి లేచారు. మేమంతా చప్పట్లు. ఆ ఊపులో ఆయన రెండు వేళ్లు నోట్లో పెట్టి, కాలేజీ రోజుల నాటి ఈల ఒకటి కొట్టారు.

డాల్ఫిన్లు రెండూ టక్కున పని ఆపేశాయి. ఈల మోగిందిగా! ఆయన్ను అక్కడే వదిలేసి ట్రైనర్ దగ్గరికెళ్లి నోళ్లు తెరిచాయి. బావగారు ఇంకో గజం దూరం సొంత వేగంతో వెళ్లి, బుడుంగున మునిగి, లైఫ్ జాకెట్ చెవులదాకా ఎగదన్నగా తేలారు.

డాల్ఫిన్లను తప్పుపట్టలేం. ఎవరి నోట వచ్చినా ఈల ఈలే. ట్రైనర్ బకెట్ వంక చూసింది, బావగారి వంక చూసింది, చేసేదిలేక చెరో చేపా ఇచ్చింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. వాటిలో పెద్దదానికి లెక్క అర్థమైపోయింది. ట్రైనర్ ఈల మోగాలంటే పని పూర్తి చేయాలి, ఈయన ఈల వేస్తే పని మధ్యలోనే చేప. ఇక ఎటు పిలిచినా వెళ్లదు. బావగారి ముందుకొచ్చి తల పైకెత్తి నోరు తెరుస్తుంది. 80కి పైగా పళ్లు, అన్నీ మొనదేలినవే. ఆయన కదలకపోతే ముక్కుతో పొట్టమీద ఒక్కటి పొడుస్తుంది.

"చూశావా, నన్ను చూసి నవ్వుతోంది!" అన్నారు బావగారు. దవడ అమరిక సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

చివరికి ట్రైనర్ ఆయన్ను మెట్లెక్కించి గట్టు మీద కూర్చోబెట్టింది. మిగతావాళ్ల వంతులు అయ్యేదాకా అక్క ఆయన రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. దూరం నుంచి చూసినవాళ్లు ఎంత అన్యోన్యమో అనుకుని ఉంటారు.

వెళ్లేముందు ఫొటోల కౌంటర్ దగ్గర ఆగాం. అందరి ఫొటోల్లో డాల్ఫిన్లు ముద్దులు పెడుతున్నాయి. బావగారి ఫొటోలో బావగారు ఒక్కరే గాల్లో ఉన్నారు, రెండు వేళ్లు నోట్లో.

"ఇందులో డాల్ఫిన్ రాలేదండీ, వేరేది చూపిస్తాను" అన్నాడు కుర్రాడు.

"వద్దు బాబూ, ఇదే పెద్ద సైజులో తియ్యి" అంది అక్క.